కోట మనది, గీత ఎవరిది?

దసరా దగ్గర పడితే హొళగుంద మండలం దేవరగట్టు చుట్టుపక్కల పల్లెల్లో రెండు రకాల సభలు జరుగుతాయి. ఒకటి సర్కారు సభ. బల్ల, బల్ల మీద గుడ్డ, మైకు. పోలీసు అధికారులు, రెవెన్యూ అధికారులు కుర్చీల్లో ఉంటారు. జనం కింద ఉంటారు. బన్ని ఉత్సవంలో కర్రలు వాడొద్దు, తాగి రావొద్దు అని పైనుంచి చెబుతారు. కింద తలలు ఊపుతారు. రెండోది నెరణికి, నెరణికి తాండా, కొత్తపేట వాళ్లు తమలో తాము పాలు ముట్టుకుని చేసే బాస. ఎన్ని మనస్పర్థలున్నా పక్కన పెట్టి మాళ మల్లేశ్వరుని కల్యాణం, ఊరేగింపు కలిసి జరిపిస్తామని ఒకరికొకరు ఇచ్చుకునే మాట. దానికి బల్లా లేదు, మైకూ లేదు.

దేవరగట్టును పొగడటానికి ఇది రాయడం లేదు. కర్రల సమరంలో ఏటా తలలు పగులుతూనే ఉన్నాయి. అది దాస్తే అబద్ధమవుతుంది. నేను చెప్పేది సభల సంగతి. మొదటి సభలో చెప్పింది ఎవరికీ తనదిగా అనిపించదు. రెండో దాంట్లో ఇచ్చిన మాట ప్రతివాడికీ తనదే. సభ పెట్టారా లేదా అనేది కాదు ప్రశ్న. ఆ సభలో మాట ఎవరిది అనేదే ప్రశ్న.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకంటే, మన పాత ఊళ్ల తలరాత రాసేది కూడా ఇలాంటి సభల్లోనే. మాస్టర్ ప్లాన్ ముసాయిదా, రోడ్డు వెడల్పు, కోట చుట్టూ ఎంత దూరం దాకా ఇల్లు కట్టుకోవచ్చు, ఎన్ని అంతస్తులు, ముందు గోడ ఎలా ఉండాలి. ఇవన్నీ ఒక పటం మీద గీతలుగా, రంగులుగా వస్తాయి. ఆ గీత ఎవరి గుమ్మం మీదుగా పోతుందో గుమ్మంలో కూర్చున్న అవ్వకు ఎవరూ చెప్పరు.

ఆదోని ఎవరి ఊరు?

ఆదోనికి చరిత్ర చెప్పాల్సిన పని లేదు. ఆదవాని అన్నా, యాదవగిరి అన్నా మనకు తెలిసిన ఊరే. బారాకిళ్లా, తాళిబండ కొండల మీద కోట. విజయనగరం రాజుల చేతి నుంచి బీజాపూరు సుల్తానుల చేతికి, వారి నుంచి మొగలులకు, తర్వాత ఆసఫ్‌జాహీలకు పోయింది. బీజాపూరు తరఫున ఏలిన సిద్ది మసూద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ నమాజుతో నిండుతోంది. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ ఇక్కడి నుంచే పాలించాడు. 1786లో టిప్పు సుల్తాన్ దండెత్తి కోటను కూల్చాడు. 1800లో నిజాం దత్త మండలాలను కుంఫిణీ వాళ్లకు రాసిచ్చినప్పుడు ఆదోని కూడా పోయింది. అటు తర్వాత ఇది పత్తి ఊరు. జిన్నింగు మిల్లులు, మార్కెట్ యార్డు, హమాలీల ఊరు.

ఈ చరిత్రలో ప్రతి మలుపులోనూ ఎవరో వచ్చి గీత గీశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాను చీల్చారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి. బళ్లారి అటు పోయింది. హొళగుందలో ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, సంతలో రెండూ మాట్లాడే జనానికి ఆ గీత అర్థం ఏమిటో పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన పని లేదు. పిల్లనిచ్చిన ఊరు పక్క రాష్ట్రమైంది. గీత పడ్డాక బతకడం మనకు అలవాటే. గీయడానికి ముందు పిలిచి అడగడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

రంగుల్లో ఇమడని ఇల్లు

మాస్టర్ ప్లాన్ పటం చూసినవాళ్లకు తెలుసు. పసుపు అంటే నివాసం. నీలం అంటే వ్యాపారం. ఊదా అంటే పరిశ్రమ. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. ఇప్పుడు ఎమ్మిగనూరులో ఒక నేతన్న ఇంటికి రండి. ముందు గదిలో గుంత మగ్గం. పక్కన వంట. వెనక పడక. వసారాలో ఆడవాళ్లు కండెలు చుడుతుంటారు. ఈ ఇంటికి ఏ రంగు వేస్తారు? పసుపు వేస్తే మగ్గం అక్రమం. ఊదా వేస్తే వంట అక్రమం. మాచాని సోమప్ప 1938లో నేత సహకార సంఘం పెట్టి ఎమ్మిగనూరు పేరు దేశానికి తెలిపింది ఇలాంటి ఇళ్ల మీద ఆధారపడే. పటం గీసేవాడికి మగ్గం గుంత లోతు తెలియకపోతే ఆ ఇంట్లో బువ్వ పోతుంది.

ఆదోని పాతూరిలోనూ అంతే. కింద అంగడి, పైన కాపురం. రాతి గోడలు, దూలాలు, దంతెలు, వాటి మీద చౌడు మట్టి మిద్దె, మధ్యలో వెలుతురుకు గవాచి. వేసవిలో ఆ మిద్దె కింద ఉన్న చల్లదనం కాంక్రీటు స్లాబు కింద రాదు. ఇంటి ముందు కట్ట ఉంటుంది. సాయంత్రం ముసలోళ్లు కూర్చునేది అక్కడే, పూలమ్మే మనిషి గంప దించేదీ అక్కడే. మునిసిపల్ కొలతల్లో ఆ కట్ట ఆక్రమణ. మన బతుకులో అది బజారుకు, ఇంటికి మధ్య వారధి.

డిజైన్ మార్గదర్శకాలు అంటే ఏదో విదేశీ మాట అని మనవాళ్లు అనుకుంటారు. నిజానికి అవి చిన్న చిన్న విషయాలు. ఎత్తు ఎంత? పక్కింటి చూరుతో వరుస కలుస్తుందా? కట్ట ఉంచాలా తీయాలా? పాత సున్నపు గోడకు మళ్లీ గారే పూయాలా, సిమెంటు పూయొచ్చా? సున్నంతో కట్టిన రాతి గోడకు సిమెంటు పూస్తే తేమ బయటికి పోక లోపలే నిలిచి గోడను తింటుందని ముసలి మేస్త్రీని అడిగితే చెబుతాడు. ఆ మేస్త్రీని ఏ సభకు పిలిచారు?

చట్టం ఉంది, ఊరు లేదు

చట్టాలు లేవని కాదు. కేంద్రం పరిధిలోని కట్టడాలకు 1958 చట్టం, రాష్ట్రం పరిధిలోని వాటికి 1960 చట్టం ఉన్నాయి. 2010లో కేంద్ర చట్టాన్ని సవరించి, రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అన్నారు. ప్రతి కట్టడానికీ విడిగా ఉపవిధులు రాయాలని, ముసాయిదాను ప్రజల ముందు పెట్టి అభ్యంతరాలు తీసుకోవాలని కూడా అన్నారు. కాగితం మీద బాగానే ఉంది.

కానీ వందల ఏళ్ల నాటి కట్టడం బయలులో ఒంటరిగా నిలబడి ఉండదు కదా. దాని చుట్టూ ఊరుంటుంది. ఆ ఊళ్లో మరుగుదొడ్డి కట్టుకోవాలన్నా భయం, కూలిన గోడ లేపాలన్నా భయం. ఇటు చూస్తే అలా. అటు చూస్తే, జాబితాలో లేని పాత బజార్లు, పాత ఇళ్లు, బావులు, బురుజులు ఏ రక్షణా లేక ఒక్క జేసీబీకి ఒక్క రాత్రిలో పోతాయి. కట్టడానికి చట్టం, కట్టడం కింద బతికేవాడికి జరిమానా, వీధికి ఏమీ లేదు. ఇదీ మన పరిస్థితి.

హైదరాబాదు చెప్పే పాఠం

ఉద్యమంలో ఉన్నవాళ్లం కాబట్టి హైదరాబాదు కథను జాగ్రత్తగా చదవాలి. 1908 మూసీ వరద తర్వాత, 1912లో నగరాభివృద్ధి సంస్థ పెట్టారు. పత్తర్‌గట్టీలో ఒకే వరుసలో రాతి కమానులతో అంగళ్లు కట్టించారు. ఈనాటికీ అక్కడ వ్యాపారం నడుస్తోంది. ఆ తర్వాత 1995లో హుడా నిబంధనల్లో 13వ నిబంధన చేర్చి, వారసత్వ కట్టడాల జాబితా, వాటిని చూసుకోవడానికి ఒక కమిటీ పెట్టారు. బొంబాయిలోనూ అదే ఏడు ఇలాంటి నిబంధనలు వచ్చాయి. దేశంలో మొదటి వరుసలో నిలిచాం అని గొప్పగా చెప్పుకున్నారు.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. ఏడాదిన్నర తిరిగేసరికి, 2015 డిసెంబరులో, ఆ 13వ నిబంధనను తీసేశారు. 2017లో కొత్త వారసత్వ చట్టం తెచ్చారు. 2019లో ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి శాసనసభ కట్టాలని మంత్రివర్గం తీర్మానించింది. అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ఆ తీర్మానాన్ని కొట్టేసింది కాబట్టి భవనం నిలిచింది. సుల్తాన్ బజార్ సంగతీ మరిచిపోరాదు. మెట్రో రైలు ఆ పాత బజారు మీదుగా వద్దని వ్యాపారులు ఉద్యమ కాలంలో గొంతు చించుకున్నారు. ఉద్యమ నాయకులు వెన్నుదన్నుగా నిలిచారు. చివరికి 2020 ఫిబ్రవరిలో రైలు సుల్తాన్ బజార్ మీదుగానే పరుగెత్తింది.

ఎవరినో తిట్టడానికి ఇది చెప్పడం లేదు. రాష్ట్రం వస్తే అన్నీ వాటంతటవే చక్కబడతాయని అనుకునే మన సోదరుల కోసం చెబుతున్నా. రాజధాని మారుతుంది, సంతకం మారుతుంది. పటం గీసే పద్ధతి మారకపోతే మన మనిషే మన గుమ్మం మీద గీత గీస్తాడు. అప్పుడు నిలదీయడం ఇంకా కష్టం. మనవాడే కదా!

హంపి మనకు పక్కనే ఉంది

ఇంకో పాఠం తుంగభద్ర ఒడ్డునే ఉంది. హంపికి 1986లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ఆనెగొంది దగ్గర వంతెనల నిర్మాణం వల్ల 1999లో ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో చేరింది, 2006లో బయటపడింది. ఈలోగా కర్ణాటక ప్రభుత్వం ఒక నిర్వహణ ప్రాధికార సంస్థకు చట్టం చేసింది. అంతా పద్ధతిగానే ఉంది. కానీ విరూపాక్షాలయం ముందున్న హంపి బజారులో, రాతి మంటపాల్లోనూ వాటి ముందూ తరాలుగా కాపురాలు, అంగళ్లు పెట్టుకున్న వందలాది కుటుంబాలు ఉన్నాయి. 2011 జులై చివర్లో యంత్రాలు వచ్చాయి. సామాను సర్దుకునేందుకు కూడా సరైన గడువు లేదని వాళ్లు మొత్తుకున్నారు. బజారు ఖాళీ అయింది. రాళ్లు శుభ్రంగా ఉన్నాయి. బజారు అనే మాటకు అర్థం మాత్రం పోయింది.

ఆ మంటపాలకు నష్టం జరగలేదా అంటే జరిగింది. ఇటుక గోడలు లేపారు, పొగ పట్టించారు. నిజమే. కానీ ఆ కుటుంబాలతో కూర్చుని ఏది ఉంచాలి, ఏది తీయాలి అని ఇంటింటికీ తేల్చుకుని ఉంటే సగం గోడలు వాళ్లే తీసేవాళ్లు. రాయిని కాపాడటానికి మనిషిని వెళ్లగొట్టడం ఒక్కటే దారి అనేది సోమరి ప్రభుత్వాల మాట.

బొంబాయిలో దీనికి తిరగబడ్డ కథ జరిగింది. 2012లో వారసత్వ జాబితాను బాగా పెంచి ప్రకటించారు. శివాజీ పార్కు లాంటి పేటల్లో ఉండేవాళ్లే, మా పాత ఇళ్లు కూలిపోయే స్థితిలో ఉన్నాయి, మళ్లీ కట్టుకోనివ్వరా అని ఎదురు తిరిగారు. అభ్యంతరాలు వినడానికి కమిటీ వేయక తప్పలేదు. జాబితా రాసేవాడు మరమ్మతుకు డబ్బు రాయకపోతే జనం వారసత్వాన్నే శత్రువుగా చూస్తారు. ఇందులో జనం తప్పు లేదు.

నేను చూసిన ఒక సభ

కొన్నేళ్ల కిందట ఒక పట్టణంలో, పేరు అనవసరం, పాతపేట రోడ్ల గురించి ప్రజాభిప్రాయ సభ అంటే వెళ్లాను. ఉదయం పదకొండు గంటలకు పెట్టారు. అంటే కూలికి పోయేవాడు రాకూడదని, అంగడి తెరిచేవాడు రాకూడదని. గోడకు పటం తగిలించారు. దాని మీద అక్షరాలన్నీ ఇంగ్లీషే. ఒక అధికారి అరగంట చదివాడు. ప్రశ్నలుంటే అడగండి అన్నాడు. ఒక సోడా బండి పెద్దమనిషి లేచి, "సారూ, దీంట్లో మా వీధి ఏదో చూపించండి, ఆ తర్వాత అడుగుతా" అన్నాడు. నవ్వారు. వేదిక మీద వాళ్లూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన వీధిని ఎవరూ చూపించలేదు. వచ్చినవాళ్లందరి చేతా రిజిస్టర్లో సంతకం పెట్టించుకున్నారు. మర్నాడు తెలిసింది. ఆ సంతకాలు హాజరుకు కాదట, ఆమోదానికట.

ఆ రోజు నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆ సభలో అసలైన ప్రశ్న వేసింది ఆయనొక్కడే.

మనం అడగాల్సింది

రాజ్యాంగం మూడు లక్షల జనాభా దాటిన పట్టణాలకే వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది. ఆదోని 2011 లెక్కల్లో లక్షన్నర దాటింది, మూడు లక్షలకు చాలా దూరం. చిన్న ఊరు కాబట్టి చిన్న నోరు! హొళగుంద లాంటి పంచాయతీలకు గ్రామసభ ఉంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా ఒకేరోజు గ్రామసభలు పెట్టారు కూడా. ఒక రోజు పెట్టగలిగినవాళ్లు ఏడాదంతా పెట్టగలరు. అందుకే ఈ కోరికలు.

ఒకటి. ఏ కట్టడం ఏ జాబితాలో ఉంది, నిషిద్ధ హద్దు ఏ ఇంటి దగ్గర మొదలై ఏ ఇంటి దగ్గర ఆగుతుంది అనేది మునిసిపల్ కార్యాలయం గోడ మీద, మసీదు వీధిలో, బస్టాండులో అందరికీ కనపడేలా తెలుగు, ఉర్దూ, కన్నడ అక్షరాల్లో రాయాలి. రాయకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల దరఖాస్తు పెట్టాలి.

రెండు. సభ పొద్దు వాలాక పెట్టాలి. మార్కెట్ యార్డులో కాటాలు ఆగాక, మగ్గం దిగాక. ఒక్క కౌన్సిల్ హాలులో కాదు, పేటపేటలో.

మూడు. సభకు ముందు నడక ఉండాలి. ప్లానింగు అధికారి, మేస్త్రీ, ఇంటి మనిషి ముగ్గురూ కలిసి వీధి వీధీ నడవాలి. ఏ గోడ ఉంచాలి, ఏ కట్ట కాపాడాలి అనేది అక్కడే గుర్తు పెట్టాలి.

నాలుగు. పట్టా ఉన్నవాడే ఊరివాడు కాదు. అద్దెకుండేవాడు, తోపుడు బండివాడు కూడా ఊరే. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలని చెబుతోంది. చారిత్రక పేట సభలోనూ ఆ లెక్కే పాటించాలి.

ఐదు. ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వక జవాబు ఇవ్వాలి. ఒప్పుకుంటే ఏం మార్చారో, ఒప్పుకోకపోతే ఎందుకో. సభలో ఏం జరిగిందో సభలోనే చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం.

ఆరు. డబ్బు. పాత ఇల్లు ఉంచమని చెప్పేవాళ్లు ఇంటి పన్నులో రాయితీ ఇవ్వాలి, మరమ్మతుకు సాయం చేయాలి. స్థలం పోయినందుకు టీడీఆర్ బాండు ఇస్తామంటారు. అంతస్తు మీద అంతస్తు లేచే నగరంలో ఆ కాగితానికి గిరాకీ ఉంటుంది. రెండంతస్తులు దాటని పేటలో ఆ బాండు పెట్టెలో దాచుకోవడానికే.

ముందు నీళ్లు కాదా?

ఇది చదివి కొందరు మిత్రులు అడుగుతారని తెలుసు. పడమటి పల్లెలు మూటాముల్లె సర్దుకుని వలసపోతుంటే, తుంగభద్ర దిగువ కాలువ కింద చివరి మడి ఎండిపోతుంటే, నీకు గోడల గోల ఏమిటి అని. ప్రశ్న న్యాయమైనదే. నీళ్ల తర్వాతే ఏదైనా.

కానీ ఆలోచించండి. నీళ్ల లెక్క ఎక్కడ తేలుతోంది? మనం లేని గదుల్లో. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక మద్రాసులో ఒక ఇంట్లో పెద్దలు కూర్చుని రాసుకున్నారు. దాని కోసం ఇప్పటికీ కొట్లాడుతున్నాం. అది మంచి ఒప్పందమే. కానీ ఊరూరా సభ పెట్టి, ప్రతి తాలూకాలో చదివి వినిపించి, జనం చేతిలో ఒక ప్రతి పెట్టి ఉంటే అమలు ఎగ్గొట్టడం ఇంత సులువయ్యేదా? ఒక వీధి పటాన్ని చదవడం నేర్చుకున్నవాడు రేపు కాలువ పటాన్నీ చదువుతాడు. ఒక గోడ గురించి రాతపూర్వక జవాబు రాబట్టినవాడు రేపు క్యూసెక్కుల గురించీ రాబడతాడు. ఇది గోడల గోల కాదు, కూర్చుని లెక్క అడిగే అలవాటు.

పనుల సంగతీ ఉంది. సున్నం గానుగ ఆడించేవాళ్లు, రాయి కొట్టే ఒడ్డె సోదరులు, దూలాలు చెక్కే వడ్రంగులు మన పల్లెల నుంచే బెంగళూరుకు పోయి కాంక్రీటు మోస్తున్నారు. పాత పేటల మరమ్మతు సక్రమంగా మొదలైతే వాళ్ల చేతిలో ఉన్న విద్యకు సొంత ఊళ్లో కూలి దొరుకుతుంది.

మన తప్పు కూడా ఉంది. కోట రాళ్లు ఇంటి పునాదికి తెచ్చుకున్నది మనమే. బురుజు మీద నాయకుడి ఫ్లెక్సీ కట్టింది మనమే. ఉద్యమ ఫ్లెక్సీ అయినంత మాత్రాన అది బురుజుకు తక్కువ బరువు కాదు. మొదట అవి దించుదాం. ఆ తర్వాత అధికారిని అడుగుదాం. అప్పుడు మాటకు బలం ఉంటుంది.

అమెరికాలో చార్లెస్టన్ అనే ఊరు 1931లోనే తన పాతపేటకు జోనింగు నిబంధన రాసుకుంది. న్యూయార్కు తన పెద్ద రైల్వే స్టేషనును 1963లో కూల్చుకుని, నెత్తీ నోరూ బాదుకుని, 1965లో చట్టం చేసుకుంది. కూలక ముందే రాసుకోవడమా, కూల్చుకున్నాక ఏడవడమా, రెండు దారులూ లోకంలో ఉన్నాయి. ఆదోని ఇంకా మొదటి దారిలో నడవగలిగే ఊరే.

విద్యార్థి సోదరులారా, ఈ సెలవుల్లో ఒక వీధి తీసుకోండి. ఇంటింటికీ తిరిగి పటం మీరే గీయండి. ఉద్యోగ మిత్రులారా, గెజిట్ భాషను జనం భాషలోకి దించే చదువు మీకుంది. వారానికి ఒక సాయంత్రం ఇవ్వండి. మునిసిపాలిటీ పటం వచ్చేనాటికి మన పటం గోడ మీద ఉండాలి. అప్పుడు సభలో సోడా బండి పెద్దమనిషి లేచి తన వీధిని తానే వేలితో చూపిస్తాడు. వేదిక మీద కూర్చున్నవాళ్లు లేచొచ్చి చూడాల్సి వస్తుంది.